లేని బ్రాకెట్

ఎండు సముద్రపు నాచు నానబెట్టినప్పుడల్లా మోసపోతాను. గుప్పెడే కదా అని నీళ్లలో వేస్తే, మొహం కడుక్కుని వచ్చేసరికి గిన్నె నిండా పొంగి కూర్చుంటుంది. ఈరోజు మా అత్తగారి పుట్టినరోజు. మా కొరియాలో పుట్టినరోజు పూట నాచు సూప్ తాగాల్సిందే. తెల్లవారకముందే లేచి కాచింది నేను, ఆవిడ ఉండే తేజన్ ఊరి దాకా సూప్ డబ్బా ఒళ్లో పెట్టుకుని కూర్చున్నదీ నేనే. గుమ్మం ముందు మాత్రం డబ్బా మా ఆయన తేగ్యూన్ చేతిలోకి మారుతుంది.

పెళ్లైన కొత్తలో ఆవిడ మూత తీసి, "నువ్వు కాచావట్రా?" అని మురిసిపోయింది. ఆయన నవ్వాడు. పుట్టినరోజు పూట గొడవెందుకులే అని నేనూ నవ్వాను. ఆ నవ్వుకి శిక్ష ఏటేటా పడుతూనే ఉంది. "కోడలికి కంప్యూటర్ తప్ప ఏం పట్టదు, వంట మావాడే చేసుకుంటాడు" అని ఆవిడ చర్చిలో అందరికీ చెప్పింది.

ఆఫీసులోనూ నాది ఇలాంటి పనే. మనిషి రాసిన ప్రోగ్రామ్‌ని చదివి యంత్రానికి అర్థమయ్యేలా విడమరిచేది పార్సర్. రాతలో తప్పు ఎదురైతే అదేం చేయాలో నేను రాస్తాను. మొదటి తప్పు దగ్గరే చతికిలబడకూడదు. బ్రాకెట్ మర్చిపోతే, ఉన్నట్టే అనుకుని ముందుకు సాగాలి. కానీ ఆ మాట చెప్పి తీరాలి: ఇక్కడ బ్రాకెట్ లేదు, నేనే పెట్టుకున్నాను.

మా టీమ్ పెద్ద బేక్ గారికి ఆ మాటే నచ్చలేదు. "హేవన్ గారూ, ఎర్ర అక్షరాలు చూస్తే కస్టమర్ మొహం మాడిపోతుంది. మీరు సర్దేసి ఊరుకోండి. ఇంట్లో సర్దుకుపోవట్లేదా ఏంటి?" అన్నాడు. అందరూ నవ్వారు. నేను పార్సర్‌లోంచి ఆ మాట తీసేశాను.

పోయిన వారం ఒక ఫ్యాక్టరీలో, తలుపు మూస్తేనే తిరగాల్సిన బెల్టు, తలుపు తెరిచి ఉండగానే తిరిగింది. దాన్ని నడిపే ప్రోగ్రామ్‌లో ఎవరో మర్చిపోయిన బ్రాకెట్‌ని మా పార్సర్ గప్‌చుప్‌గా వేరే చోట పెట్టింది. అదృష్టం, ఎవరి చెయ్యీ నలగలేదు. మీటింగ్‌లో బేక్ గారు నావైపు చెయ్యి చూపించి, "తప్పుందని ముందే చెప్పొద్దా అండీ?" అన్నాడు. ఒళ్లు మండిపోయింది. ఆ మంట ఇంకా చల్లారలేదు.

అత్తగారింట్లో బల్ల చుట్టూ చుట్టాలు కూర్చున్నారు. మా ఆయన పెద్దమ్మ రెండు చెంచాలు తాగి, "ఏరా తేగ్యూన్, ముందు నాచు వేయిస్తావా, మాంసం వేయిస్తావా? చెప్పు, మావాడికీ నేర్పిస్తా" అంది.

ఆయన నావైపు తిరిగాడు. కంగారేమీ లేదు, లేనిది నేను పెడతానని అంత ధీమా. మాంసమే ముందు, నువ్వుల నూనెలో. మాట నాలుక చివరిదాకా వచ్చింది. ముల్లంగి కిమ్చీ పచ్చడి ముక్క నోట్లో పెట్టుకుని నమిలాను.

"అడుగుతోంది కదరా, చెప్పు," అంది మా అత్తగారు.

"హేవన్, నువ్వు చెప్పు," అన్నాడాయన.

అప్పుడు అందరూ నన్ను చూశారు. నేను చెంచా కింద పెట్టాను.

"నాకేం తెలుసండీ? కాచింది మీరు కదా."