టేపుకు రాసిన నూనె

జహనుమా బస్తీలో రాహేలు ఇంట్లో, గిన్నెల అల్మారా పైన, మూత బిగించిన చిన్న సీసా ఒకటి ఉండేది. పాస్టరుగారు ప్రార్థన చేసి ఇచ్చిన కొబ్బరినూనె అది. రెండు చుక్కలు గంధపు అత్తరు కలిపి ఇస్తారు కాబట్టి మూత తీస్తే ఇల్లంతా తెలిసేది. పిల్లకు జ్వరమొచ్చినా, ఇంటికి కొత్త తలుపు పెట్టినా, ఎవరైనా కొత్త పనికి బయలుదేరినా ఆ నూనెలో వేలు ముంచి సిలువ గీస్తేగాని ఆమె మనసు నిలిచేది కాదు. పెనిమిటి సీమోను ఫ్యాక్టరీలో చేరిన మొదటి రోజున అతని నుదుట గీసింది, పనిముట్ల పెట్టె మూత మీదా గీసింది. పందొమ్మిదేళ్ళు లేత్ మిషను మీద ఇనుము కోశాడు, చిటికెనవేలి గోరు కూడా పోలేదు. అది ఎవరి చలవ అని అడిగితే రాహేలు సీసా వైపు చూసేది.

అట్లాంటి ఇంటికి ఎనభై నాలుగులో కొత్త మిషను సంగతి వచ్చి పడింది. అదీ లేత్ మిషనే, కాని మనిషి చెయ్యి పెట్టక్కర్లేదు. ఏం కోయాలో, ఎంత కోయాలో కాగితపు టేపు మీద చిల్లులు పొడిచి పెడితే, ఆ చిల్లులు చదువుకుని తనే కోస్తుందట. పాత లేత్‌లు తీసేస్తామన్నారు. ఆరుగురిని ఎంచి మూడు నెలలు నేర్పిస్తారు, చివర పరీక్షలో నెగ్గిన నలుగురికే కొత్త మిషన్లు. మిగిలిన ఇద్దరూ తుక్కు యార్డులో ఇనుప రజను ఎత్తుకోవాల్సిందే. ఆ ఆరుగురిలో సీమోను అందరికన్నా పెద్దవాడు, ఏడో తరగతి దాటనివాడు.

నలభై దాటిన చేతిని మళ్ళీ బడిలో వేస్తే ఎట్లా ఉంటుంది? గోరుతో గీరి ఇనుము నునుపు చెప్పగలవాడు, చప్పుడు విని కోసే టూలు మొండిబారిందని పసిగట్టేవాడు, ఇప్పుడు ఆ రెండూ అక్కరకు రావన్నారు. అన్నం తింటూ తింటూ కంచంలో వేలితో ఇంగ్లీషు అక్షరాలు రాసుకునేవాడు. జీ పక్కన రెండు సున్నాలుంటే టూలు ఉరకాలి, సున్నా పక్కన ఒకటి అంకె ఉంటే కోసుకుంటూ మెల్లగా నడవాలి. చారు చల్లారిపోయేది. రాహేలు కంచం తీయడానికి జంకేది, అందులో ఆయన చదువు ఉంది మరి.

ఒకనాడు ఆమె అడిగింది, చిల్లులు చదవడానికి మిషనుకు కళ్ళున్నాయా అని. లోపల చిన్న దీపం ఉంటుందని, చిల్లు ఉన్నచోట వెలుగు అవతలికి పోతుందని, లేనిచోట పోదని, మిషనుకు తెలిసిన చదువు అంతేనని చెప్పాడు సీమోను. అంత చెప్పినా రాహేలు మనసులో ఒక్కమాటే దిగింది, దీపం.

పరీక్షకు ఎవరి టేపు వాళ్ళే తయారు చేసుకోవాలి, ఎవరిది వాళ్ళే కాపాడుకోవాలి, అదీ పరీక్షలో భాగమే అన్నాడు నేర్పించే కృష్ణయ్య సారు. సీమోను నాలుగు రోజులు దిద్ది దిద్ది టేపు చేసుకున్నాడు. మిషను మీద ఒకసారి నడిపి చూస్తే ఎక్కడా తప్పు రాలేదు. ఫ్యాక్టరీలో పెడితే ఇంకొకరి దాంట్లో కలిసిపోతుందని రుమాలులో చుట్టి ఇంటికి తెచ్చుకున్నాడు. చాలా రోజుల తర్వాత ఆ రాత్రి కంచం నిండా తిన్నాడు.

తెల్లవారి ఆయన నీళ్ళు పోసుకుంటుంటే రాహేలు సీసా దించింది. ఆయన నుదుట ఎట్లాగూ గడప దగ్గర పెడుతుంది. కాని ఇవాళ కోసేది ఆయన చెయ్యి కాదు కదా, ఈ కాగితం కదా. అయినా దీపమున్నచోట నూనె ఎప్పుడైనా చెరుపు చేసిందా? రుమాలు విప్పి, అరచేతిలో ఇమిడే ఆ టేపు చుట్టను ఎత్తి, అంచుల మీద అడ్డంగా నిలువుగా నిండైన సిలువ గీసింది. చూస్తుండగానే కాగితం నూనె తాగేసింది. దేవుడు అందుకున్నాడనుకుని, రుమాలు మళ్ళీ ఎప్పటిలాగే చుట్టింది.

సాయంత్రం సీమోనుకన్నా ముందు మొగులయ్య వచ్చాడు. వాడకట్టు మనిషే, ఆరుగురిలో ఒకడు. తాను నెగ్గానని చెప్పడానికి మొహమాటపడి, మంచినీళ్ళు అడిగి తాగి, అప్పుడు మెల్లగా విప్పాడు. సీమోను మిషను మొదట బాగానే నడిచిందట. ఇంతలో ఎర్రలైటు వెలిగి ఆగింది. మళ్ళీ మొదటినుంచి పెడితే మళ్ళీ అక్కడే ఆగింది. సారు టేపు విప్పి కిటికీకి ఎదురు పట్టి చూస్తే, బెత్తెడు బెత్తెడుకీ నూనె మరక. మరక పడ్డచోట కాగితం అద్దమై, చిల్లు లేకున్నా వెలుగు దూరిపోతున్నది.

"ఇదెట్ల అంటిందని సారు అడిగిండు వదినె. నా చేతులదే సార్, లేత్ చేతులు గదా అన్నడు అన్న. అందరు నవ్విన్రు. నేను గూడ నవ్విన," అన్నాడు మొగులయ్య. "గంత జాగ్రత్త మనిషి, గిదేందో నాకైతే సమజ్ కాలే."

అజాగ్రత్త అని కాగితం మీద రాసేశారని, సోమవారం నుంచి తుక్కు యార్డేనని చెప్పి అతను లేచి పోయాడు. రాహేలు పీట మీదనుంచి లేవలేదు. పొయ్యి మీద అన్నం మాడిన వాసన వచ్చినా లేవలేదు.

సీమోను దీపాలు పెట్టే వేళకు వచ్చాడు. కాళ్ళు కడుక్కుని, రుమాలు తీసి దండెం మీద వేశాడు. గంధం వాసన గుప్పుమంది.

"నేనే రాసిన," అంది రాహేలు.

"ఎర్కనే. పొద్దుగాల వాసనొస్తే నా నుదుటిదనుకున్న. సారు టేపు విప్పినంక తెలిసింది."

"మరి నా పేరెందుకు చెప్పలే?"

ఆయన తన చేతులు చూసుకున్నాడు. "చెప్తే నీ సీసను గూడ నవ్వుతుండిరి. నన్ను నవ్విన్రు, సాలదా?"

తిట్టినా బాగుండేది. ఒక దెబ్బ వేసినా బాగుండేది. మాడిన అన్నమే పెడితే అదే తిన్నాడు. కంచంలో వేలు కదలలేదు.

సోమవారం పొద్దున సీమోను చొక్కా తొడుక్కుని, టిఫిను డబ్బా పట్టుకుని గడప దగ్గర నిలబడ్డాడు. కొత్త పనికి పోయే రోజు కదా, అలవాటుగా తల కాస్త వంచాడు. రాహేలు చూసింది. చూసి, మళ్ళీ పొయ్యిలోకి వంగింది. పొయ్యి మీద ఏమీ లేదు, ఊరికే నిప్పులు ఎగదోస్తూ కూర్చుంది. అల్మారా పైన సీసా ఉన్నచోటే ఉంది.

ఆయన తల అట్లాగే వంచి ఇంకాసేపు నిలబడ్డాడు. ఆ తర్వాత చెప్పులు తొడుక్కున్న చప్పుడు వినిపించింది.