మూడు కిలోలకు మించి

ఈ రభసంతా పెట్టింది ఆడపడుచు. చుట్టాల పెళ్ళిలో ఇంటిల్లిపాదీ ఫోటోకి నిలబడితే, ఫోటో తీసేవాడు ఇంకా నోరు తెరవకముందే తమ్ముడి భార్యని చూసి, "నువ్వు వెనక వరసలోకి పోవమ్మా, నీ వెనక నిలబడ్డవాళ్ళకి ఫోటోలో చోటుండదు" అంది. అందరూ నవ్వారు. ఆవిడగారి తమ్ముడు, అంటే ఈమె మొగుడు, అందరికంటే గట్టిగా నవ్వాడు. అతను బట్టల షాపులో మేనేజరు. పగలంతా ఎవరెవరి ముందో వంగి వంగి "మీకిది అదిరిపోతుంది మేడమ్" అనే ఆ నోరే, ఇంటికొచ్చేసరికి పెళ్ళాం కొలతలు చదవడం మొదలుపెడుతుంది. పెళ్ళినాడు ఎలా ఉండేదానివి, ఇప్పుడెలా తయారయ్యావు. ఎనిమిదేళ్ళుగా అదే పాట. ఇద్దరు పిల్లల్ని మోసి, రెండో కాన్పుకి కోత పడిన పొట్ట అది. గాలి పోసుకుని ఊరికే పెరగలేదు.

ఫోటో గోడకెక్కిన వారానికి ఓ రంగుల కాగితం తెచ్చాడు. పొట్ట తగ్గించే ఆపరేషన్. "మా ఓనరుగారి భార్య చేయించుకుంది, కాలేజీ పిల్లలా ఉంది. డబ్బు నేను పెడతాను. నువ్వు సరే అను చాలు." కాపురానికొచ్చాక ఆమె మీద డబ్బు పెడతానని అతను అనడం అదే మొదలు. అదీ కోయడానికి.

డాక్టరమ్మ ఆమె బరువు చూసింది, పొట్ట చర్మం రెండు వేళ్ళతో పట్టి లాగింది, పెన్నుతో గీతలు గీసింది. "ఇది బరువు తగ్గించే ఆపరేషన్ కాదమ్మా, తగ్గాక వేలాడే చర్మం తీసేది. ముందు ఏడు కిలోలు తగ్గి, ఆ బరువు నిలబెట్టుకుని ఆర్నెల్లకి రండి" అంది. "దీనికి నోరు కట్టుకోవడం రాదు డాక్టర్" అన్నాడు మొగుడు, పక్కనే ఆమె ఉండగానే. ఆ నోట్లోకి ఏం పోతోందో అతను చూసిందెప్పుడు? అందరూ తిని లేచాక గిన్నె అడుగున మిగిలినదీ, పిల్లలు కెలికి వదిలేసినదీ పారేయలేక వంటగట్టు దగ్గర నిలబడి తినేదే ఆమె భోజనం. ఆ రోజు డాక్టరమ్మ లేస్తూ లేస్తూ ఇంకో ముక్క కూడా అంది: "తర్వాత ఆరు వారాలు విశ్రాంతి ఉంటుంది." మొగుడు వినలేదు, ఫోన్లో ఉన్నాడు. ఆమె విన్నది.

ఆమె పని ఓ పెద్ద హోటల్ లాండ్రీలో. మాసిన దుప్పట్ల మూటలు కాటా మీద తూచి మిషన్లో వెయ్యాలి. పదకొండేళ్ళుగా తూచీ తూచీ, ఇప్పుడు ఏదైనా చేత్తో ఎత్తితే చాలు, ఎన్ని కిలోలో చెప్పేస్తుంది. ఎవరూ లేనప్పుడు ఆ కాటా మీద తనే ఎక్కేది. అలా ఆర్నెల్లు కడుపు మాడ్చుకుంది. ఏడు కిలోల నాలుగు వందల గ్రాములు తగ్గింది. ఒకరోజు కళ్ళు తిరిగి తడి బట్టల ట్రాలీ మీదే వాలిపోయింది. ఆ సాయంత్రం కూడా ఇంటికెళ్ళి అత్తగారిని ఎత్తింది.

అత్తగారికి జారిపడి తుంటి విరిగింది. అప్పట్నుంచీ కాళ్ళలో సత్తువ లేదు. పొద్దున రెండుసార్లు, మధ్యాహ్నం పని మధ్యలో పరుగున వచ్చి ఒకసారి, సాయంత్రం రెండుసార్లు. చంకల కింద చేతులేసి, గుండెకి ఆనించుకుని, మంచం మీంచి కుర్చీలోకి, కుర్చీలోంచి బాత్రూమ్‌కి. ఎత్తినప్పుడల్లా ఆవిడ కోడలి చెవిలోనే అనేది, "దున్నలా ఉన్నావు కాబట్టి సరిపోయింది." కన్నకొడుకు చెయ్యి వెయ్యడు. అతనికి నడుం నొప్పి. ఫోటోకి పనికిరాని ఒళ్ళు ఈ చాకిరీకి మాత్రం పనికొచ్చింది.

ఆర్నెల్లయ్యాక డాక్టరమ్మ చూసి, "బాగా తగ్గారు, చేయొచ్చు" అని ఒక కాగితం చేతిలో పెట్టింది. "ఆపరేషన్ తర్వాత ఆరు వారాలు మూడు కిలోలకు మించి ఏదీ ఎత్తకూడదు. వంగకూడదు. వంట, గిన్నెలు, బట్టలు ఏవీ వద్దు. ఎవరైనా తెచ్చిపెడితే తినడం, పడుకోవడం. ఇంట్లో సాయానికి ఎవరున్నారు?"

మొగుడు పైన తిరుగుతున్న ఫ్యాన్ వంక చూశాడు.

మూడు కిలోలంటే తడిసిన తువ్వాళ్ళు రెండు. తన ఇంట్లో అంతకంటే తేలికైన పని ఏదో ఆమెకి వెతికినా గుర్తురాలేదు.

దారిలో అతను ఆమె భుజం మీద చెయ్యేశాడు. "నువ్వు ఇలాగే బావున్నావులే. ఇప్పుడివన్నీ ఎందుకు?"

ఎనిమిదేళ్ళలో ఎన్నడూ రాని మాట. ఆమెకి ఒళ్ళంతా మంట లేచింది. అరికాలి మంట నెత్తికెక్కడం అంటారే, అది. ఇంటికెళ్ళాక అతను అక్కకి ఫోను కలిపాడు. ఫోన్లో ఆవిడ గొంతు పక్క గదిలో మంచం మీదున్న తల్లికి కూడా వినపడేంత గట్టిది. "అమ్మ ఉన్నన్నాళ్ళు ఆగమను. ఆ తర్వాత కోయించుకుంటుందో కుట్టించుకుంటుందో దానిష్టం."

"పోనీ నువ్వొచ్చి ఆరు వారాలు ఉండక్కా."

"నాకెలా కుదురుతుందిరా? నా నడుం సంగతి నీకు తెలీదూ?"

ఆ వంశంలో నడుములన్నీ అంతే.

ఆమె ఆ కాగితం పట్టుకుని కూర్చుంది. తను ఇన్నాళ్ళూ ఆకలి చంపుకున్నది పొట్ట కోసమా? ఫోటో కోసమా? కాదు. ఆరు వారాలు మంచమెక్కడం కోసం. ఎవరైనా తెచ్చిపెడితే తినడం కోసం. ఆ పాటి పడక దొరుకుతుందని కడుపు కోయించుకోవడానికి సిద్ధపడింది! తలుచుకుంటే తన మీద తనకే అసహ్యం వేసింది. ఆ అసహ్యం ఎక్కువసేపు తన మీద నిలవలేదు, చేరాల్సిన చోటికి చేరింది. లేచి, గోడ మీది ఫోటో కింద ఆ కాగితాన్ని టేపుతో అంటించింది.

"ఆపరేషన్ వద్దు. ఆరు వారాలు మాత్రం కావాలి. ఇప్పట్నుంచే. లాండ్రీలో మడతలు పెట్టే సెక్షన్‌కి మారతాను, అక్కడ అడిగితే ఇస్తారు."

"కోత లేకుండా రెస్టేంటే, పిచ్చా?"

"కోత రెండో కాన్పుకే అయింది. తొమ్మిదో రోజుకే లేపి వంటగట్టు దగ్గర నిలబెట్టారు. గుర్తులేదా?"

ఆమె కంచంలో వేడివేడిగా వడ్డించుకుంది. గట్టు దగ్గర కాదు, కుర్చీలో కూర్చుంది. లోపల్నుంచి అత్తగారు, "ఏమే, ఎత్తు!" అని కేకేసింది.

"ఏవండీ, అత్తయ్య పిలుస్తున్నారు."

ఆమె తింటూనే ఉంది. లోపల ఇంకో కేక. చివరికి అతనే వెళ్ళాడు. "ఒరేయ్, జారిపోతున్నాన్రా! దాన్ని పిలువు!"

ముసలావిణ్ణి కింద పడనివ్వడం ఆమె వల్ల కాదు. కంచం ముందు నుంచి లేవకుండానే గొంతు పెంచింది. "నడుం వంచకండి, మోకాళ్ళు వంచండి. చంకల కింద చేతులేయండి. అత్తయ్యా, ఆయన మెడ పట్టుకోండి."

చాలాసేపటికి అతను చెమటతో వీపుకి అతుక్కుపోయిన చొక్కాతో బయటికొచ్చి, గోడకి చేరగిలబడ్డాడు. "బాబోయ్... అమ్మ ఎంత బరువుంటుందే?"

ఆమె ముద్ద మింగింది.

"అరవై నాలుగు కిలోలు. రోజుకి ఐదుసార్లు. మూడేళ్ళ రెండు నెలలు."