ప్రమాదవశాత్తు కాదు

నేను ఒక పరీక్ష అట్టను. చెక్కపొట్టును జిగురుతో కలిపి, అదిమి, పైన ఇనుప క్లిప్పు బిగించి నన్ను తయారు చేశారు. మార్కాపురంలో హైమావతి పదో తరగతి పరీక్షలకు నన్ను కొనుక్కుంది. పరీక్షలయ్యాక అటక మీదకు విసిరేస్తుందనుకున్నాను. అట్టలన్నిటికీ అదే గతి కదా! కానీ ఆమె డిగ్రీ చదివి విలేకరి అయింది. బస్టాండులో, ఆసుపత్రి వరండాలో నన్ను ఒళ్లో పెట్టుకుని వార్తలు రాసేది.

ఒకరోజు పలకల క్వారీలో గట్టు విరిగిపడి కాశయ్య అనే కూలీ చనిపోయాడు. గట్టు నెర్రెలిచ్చిందని మొత్తుకున్నా యజమాని బలవంతంగా లోపలికి దించాడని అతని భార్య కోటమ్మ ఏడుస్తూ చెప్పింది. హైమావతి అలాగే రాసింది. నా మీదే పెట్టుకుని రాసింది.

మర్నాడు పేపర్లో ఏం వచ్చిందో తెలుసా? "ప్రమాదవశాత్తు కాలుజారి కూలీ కాశయ్య మృతి." అతని కాలు ఎప్పుడు జారింది? ఆ మాట వేసినవాళ్లు క్వారీ ముఖమైనా చూశారా?

హైమావతి ఫోన్ చేసి అడిగితే డెస్కులో పెద్దాయన నవ్వాడు.

"ఎందుకమ్మా అంత ఆవేశం? పండక్కి మన పేపరుకు ఫుల్ పేజీ ప్రకటన ఇచ్చే మనిషి ఆ క్వారీ యజమాని. ప్రమాదవశాత్తు అంటే ఎవరికీ నొప్పి ఉండదు."

ఎవరికీ! అంటే కోటమ్మ మనిషి కాదన్నమాట.

ఆ తర్వాత కరెంటు తీగ తెగిపడినా, బాయిలరు పేలినా అదే మాట. మనుషులు ఎంత సుఖమైన మాట కనిపెట్టుకున్నారో! చివరికి హైమావతి ఉద్యోగం మానేసి, కాశయ్య కథే నవలగా రాసింది. "పేర్లు మార్చండి, ఎందుకొచ్చిన గొడవ" అన్నాడు ప్రచురణకర్త. కాశయ్య ఓబయ్య అయ్యాడు. నాకు ఒళ్లు మండింది.

అచ్చుకు పంపేముందు హైమావతి ఆ నవల కాగితాలు నాకు తగిలించుకుని కోటమ్మకు చదివి వినిపించడానికి వెళ్లింది. కోటమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని వింది. గట్టు విరిగే చోట "ఆఁ, అట్నే జరిగింది" అంది. తర్వాత అడిగింది.

"ఈ ఓబయ్య ఎవురమ్మా?"

"కాశయ్యన్నే అక్కా. నవల్లో పేర్లు మారుస్తారు."

"బాగుందమ్మా మీ యవ్వారం! అబద్దం రాసేటప్పుడు మా ఆయన పేరు పేపరుకెక్కిచ్చారు. నిజం రాసేతలికి ఆ పేరు పనికిరాకుండా పోయిందా?"

హైమావతి పెన్ను తీసి, కనిపించిన ప్రతి ఓబయ్యనూ కొట్టేసి పైన కాశయ్య అని రాసింది. చివరి కాగితానికి వచ్చేసరికి ఎంత ఒత్తి రాసిందంటే, పేరు కాగితం దాటి నా ఒంటి మీద దిగబడింది.

ప్రచురణకర్త ఒప్పుకుంటాడో, కాగితాలు తిప్పి పంపుతాడో నాకు తెలియదు. నా మీదున్న పేరును మాత్రం ఆయన మార్చలేడు.