గడపకు అడ్డంగా కంప

రామగిరి వైపున్న గొర్రెల కాపరుల పల్లె మొత్తం మనుషుల్లేని పాడుబడిన ఊరిగా నమోదైపోయిందని, జాబితా తెరిచాక గానీ హేమావతికి తెలియలేదు.

పెనుకొండలో ఆమె పనిచేసే ఇళ్ల సర్వే కాంట్రాక్టు ఆఫీసులో సుధ లాంటి వాళ్లు ఊరూరా తిరిగి ఇళ్ల ఫొటోలు తెస్తారు. హేమావతి లాంటి వాళ్లు వాటిని వర్గాలుగా విడదీసి డేటాబేసులోకి ఎక్కిస్తారు. సూపర్‌వైజర్ పోతులయ్య ఆమోదిస్తాడు. సాయంత్రం జాబితా పైకి పోతే, పాడుబడిన ఇళ్ల జాగా అంతా కంపెనీ షెడ్లకు పోతుంది.

"ఇండ్ల వాకిళ్లకు కంప అడ్డం ఉండాది, తాళాల్లేవు. సారే పాడుబడినవని వేయమన్నాడు" అంది సుధ.

"మనుషులు యాడున్నారు మరి?"

"ఎర్రమంచి చేలల్లో మంద తోలుకొని ఉండారు. నిన్ననే చూస్తిని."

హేమావతి కంప్యూటర్ ఆపేసింది. మిగిలిన రికార్డులు పూర్తి కానిదే జాబితా కదలదు.

"ఏం, కొలువు వద్దా?" పోతులయ్య గొంతు పెంచాడు. "రేపు హిందూపురం నుంచి వేరే వాళ్లను తెస్తా."

"తెచ్చుకో సార్. మనుషులున్న ఊరిని పాడుబడిందని ఎక్కించొద్దని వాళ్లకీ చెప్తాం" అంది హేమావతి. గదిలోని ఆడపిల్లలంతా లేచి ఆమె వెంట బయటికి నడిచారు. సుధ స్కూటీ ఎర్రమంచి దారి పట్టింది.

పోతులయ్య పోలీసులకు ఫోన్ చేశాడు. ఎస్సై వచ్చీ రాగానే రికార్డులు చెడగొట్టిందని హేమావతి చెయ్యి పట్టుకున్నాడు. "మా అందరినీ ఎక్కించు" అంటూ తోటి వాళ్లు జీపు ముందు బైఠాయించారు. లాఠీలు లేచాయి. ఒకమ్మాయి నుదురు చిట్లింది. ఎవరూ కదల్లేదు.

అప్పుడే సుధ వెంట కాపరులు వచ్చారు. ముందు నడుస్తున్న ముసలామె వెంకటక్క, ఈడ్చుకొచ్చిన తుమ్మకంపను ఆఫీసు గడపకు అడ్డంగా పడేసింది.

"దీన్నీ ఫొటో తీయండమ్మా. పాడుబడిన ఆఫీసని రాయండి."

ఏడుస్తున్న అమ్మాయిలు కూడా నవ్వారు.

"పోతులయ్యా, వచ్చి కంప్లైంటు మీద సంతకం పెట్టు" అని కేకేశాడు ఎస్సై.

పోతులయ్య లోపలి నుంచి గడప దాకా వచ్చాడు. కాలు ఎత్తి, వెనక్కి తీసుకున్నాడు.

"మోకాలెత్తు లేదయ్యా, దాటు" అన్నాడు ఎస్సై.

కాలు మళ్లీ ఎత్తాడు. మళ్లీ దించాడు.

వెంకటక్క అతన్ని పైనుంచి కిందికి చూసింది.

"ఇంటోళ్లు వచ్చి తీసేదాకా ఎవురూ దాటకూడదని మా మందలోళ్లకు తప్ప ఎవురికీ తెలీదే. ఎవురి పిల్లోడివబ్బా నువ్వు?"

పోతులయ్య గడప లోపలే కూలబడ్డాడు.

"మాదీ మంద ఇల్లే, అవ్వా. మళ్లా వస్తామని చెప్పి మా నాయన ఇట్లే కంప పెట్టి పోయేటోడు. నాకు కొలువు పర్మినెంట్ చేస్తామన్నారు. మీరు ఊళ్లో లేని నెల చూసి ఫొటోలు తీయించింది నేనే. పాడిండ్లని వేయమని ఈ పిల్లోళ్లకు చెప్పింది నేనే. ఆయమ్మను ఇడ్సిపెట్టండి సార్. తెలియక చేయలేదవ్వా. తెలిసే చేసినా."