చల్లారినా దిగని తెలుపు

కోడలి పరిశోధన ఏమిటని ఎవరైనా అడిగితే అత్తగారు "ఇనుముతో ఏదో రంగుల పొడి చేస్తుంది" అని తేల్చేసేవారు. అది మరీ తప్పు కూడా కాదు. ఆ పొడి చల్లగా ఉన్నంతసేపూ అందులోని ఇనుము ఎలక్ట్రాన్లు జంటలు కట్టి ముడుచుకుని కూర్చుంటాయి. పొడి ఊదారంగులో ఉంటుంది, అయస్కాంతాన్ని ఖాతరు చేయదు. వేడి తగిలిందా, కొన్ని జంటలు విడిపోయి ఎవరికి వారే లేచి నిలబడతాయి. పొడి తెల్లబడుతుంది, అయస్కాంతం పిలిస్తే కాస్త కదులుతుంది.

అలా రంగు మారుతుందంటే పరిశోధన గైడుకు మాత్రం నమ్మకం కుదరలేదు. "రేపు నా బల్ల మీద చేసి చూపించు. లేకపోతే ఇది వదిలేసి వేరే అంశం చూసుకుందాం" అన్నాడు. అంటే మళ్లీ ఓనమాలు. ఆ బెంగతో కోడలు పొడి సీసాను ఇంటికి తెచ్చేసింది. తేకూడదు; తెచ్చింది. ఇస్త్రీబల్ల మీద పెట్టి స్నానానికి వెళ్లింది.

వచ్చేసరికి సీసాను ఆనుకుని ఇస్త్రీపెట్టె. లోపల పొడి పాలలా తెల్లగా ఉంది.

"అత్తయ్యా! దీన్ని కాల్చేశారా?"

"నేను కాల్చింది మీ మామయ్య చొక్కా కాలరే. ఆయన అలిగి బాల్కనీలో కూర్చున్నారు. నీ పొడీ అలిగిందా ఏంటి?"

"చల్లారితే అదే దారికొస్తుంది లెండి."

చల్లారింది. అత్తగారు బట్టలన్నీ మడతపెట్టేశారు. పొడి మాత్రం తెల్లమొహం వేసుకునే ఉంది.

కోడలు సీసాను వెలుతురుకు ఎత్తి చూసింది. పాడైందా? పాడైన ఇనుము తుప్పురంగు తిరగాలి కదా! ఇది మల్లెపువ్వులా ఉంది. అప్పుడు తట్టింది. ల్యాబులో ఎప్పుడూ వేడినీళ్లలోంచి తీసి తిన్నగా మంచులో ముంచడమే. మధ్యలో ఆగి చూసిన పాపాన పోలేదు.

సీసాను ఫ్రిజ్‌లో పెట్టి తలుపు దగ్గరే కాపలా కూర్చుంది. తీసేసరికి ఊదా! బయట పెడితే ఊదాగానే ఉంది. మళ్లీ ఇస్త్రీపెట్టెకు ఆనించింది: తెలుపు. చల్లారాక కూడా తెలుపే.

"వేడెక్కి మారిందంటే, చల్లారితే చాలదు అత్తయ్యా, వణుకు పుట్టాలి. అప్పటిదాకా పట్టిన పట్టు వదలదు."

అత్తగారు బాల్కనీ వైపు చూశారు. "దీనికింత చదువెందుకే? పెళ్లైనప్పట్నుంచీ అలాంటిదాన్నొకదాన్ని చూస్తూనే ఉన్నా."

"నాకన్నీ వినిపిస్తున్నాయి!" అంది బాల్కనీ.

మర్నాడు గైడు బల్ల మీద కోడలు రెండు సీసాలు పెట్టింది. ఒకటి వేడినీళ్లలోంచి, ఒకటి మంచులోంచి తీసి, రెండూ గది వేడికి వచ్చేదాకా చేతులు కట్టుకుని నిలబడింది.

"తెల్లది పాడైనట్టుందే?" అన్నాడు గైడు.

"ముట్టుకుని చూడండి సార్."

రెండూ ముట్టుకున్నాడు. రెంటికీ ఒకటే వెచ్చదనం, రంగులు వేరు.

"మరి దీని అసలు రంగేది?"

"అది ఎటునుంచి వచ్చిందో దాన్నిబట్టి సార్."

గైడు వేరే అంశం మాట ఎత్తలేదు. కుర్చీ దగ్గరకు లాక్కుని, "ఇంకోసారి చెయ్యి" అన్నాడు.

బయటికొచ్చి కోడలు ఇంటికి ఫోన్ చేసింది.

"నీ పొడి గట్టెక్కింది, సంతోషం," అన్నారు అత్తగారు. "ఇక్కడిది ఇంకా తెల్లగానే ఉందమ్మా."

"ఐస్‌క్రీమ్ పెట్టి చూడండి అత్తయ్యా."