ఆడవాళ్ళ వైపు కిటికీ

పాతికేళ్ళుగా బడిలో భూగోళం చెబుతున్నాను. కుడి ఎడమలు తేల్చుకోలేక ఇంత పని చేశానంటే మా పిల్లలు నవ్వుతారు. నవ్వనీ.

అమ్మ పుట్టిన ఊరు ఆనకట్ట కట్టినప్పుడు మునిగిపోయింది. ఈ ఏడు నీళ్ళు బాగా తగ్గి ఊరి జాగా బయటపడిందని అందరూ చెప్పుకుంటున్నారు. అక్కడిదాకా దిగి వెళ్ళడానికి అమ్మ మోకాళ్ళు ఒప్పుకోవు. ఆ మోకాళ్ళ ఆపరేషన్‌కే ఏప్రిల్‌లో మా ఓష్ నుంచి రాజధాని బిష్కెక్‌కి విమానంలో బయల్దేరాం. తిరిగొచ్చేది రెండు నెలల తర్వాత. అప్పటికి కొండల మీద మంచు కరిగి మళ్ళీ నీళ్ళు నిండిపోతాయి. చూస్తే ఇప్పుడే, దారిలో విమానం కిటికీలోంచే చూడాలి.

ఏ వైపు కూర్చోవాలని జుమాకదిర్ మావయ్యని అడిగాను. పోయిన వారమే ఆ విమానంలో వెళ్ళొచ్చాడు. ఎక్కగానే ఆడవాళ్ళ వైపు కూర్చోండి, కాళ్ళ కిందే కనబడుతుంది అన్నాడు. మా గుడారాల్లో గడప దాటి లోపలికొస్తే కుడి పక్కంతా ఆడవాళ్ళది, వంట సామానంతా అక్కడే. ఇంకేం, కౌంటర్లో అమ్మాయితో పోట్లాడి మరీ కుడి పక్క కిటికీ సీటు పట్టాను.

అమ్మ పుట్టింటికి వెళ్తున్నట్టు కొత్త తలగుడ్డ కట్టుకొచ్చింది. అద్దానికి ముక్కు ఆనించి కూర్చుంది. ఎంతసేపటికీ మంచుకొండలే. "ఏదే?" అని మూడుసార్లు అడిగింది. మూడుసార్లూ వస్తుందమ్మా అన్నాను.

అంతలో ఎడమ పక్కవాళ్ళు నీళ్ళు కనబడుతున్నాయంటూ కిటికీల మీదికి వంగారు. అప్పుడు అర్థమైంది. మావయ్య చెప్పింది ముందు తలుపులోంచి లోపలికి నడిచొచ్చేటప్పటి కుడి. వచ్చిన దారికేసి మొహం తిప్పి కూర్చున్నాక అది ఎడమైపోతుంది. రోజూ ఒకసారి బోర్డు కేసి, ఒకసారి పిల్లల కేసి తిరిగి పాఠం చెప్పే నాకు ఆ మాత్రం తట్టలేదు. మావయ్య మీద కోపమొచ్చింది. నా మీద అంతకన్నా ఎక్కువ వచ్చింది.

లేవబోయాను. విమానం ఊగుతోంది, బెల్టు తియ్యొద్దని ఎయిర్ హోస్టెస్ గదమాయించింది. నడవకి అవతల కిటికీ దగ్గర తోలుకోటు వేసుకున్న ఒకాయన ఉన్నాడు. అన్నా, కింద ఉన్నది మా అమ్మ పుట్టిన ఊరు, ఒక్క ఫోటో తీసి పెట్టండి అని బతిమాలాను. ఆయన ఒకసారి కిందికి చూశాడు.

"ఊరెక్కడుందమ్మా, ఒట్టి బురద. గోడ ముక్క కూడా లేదు. దీన్నేం తీస్తాం" అన్నాడు. ఎండ కళ్ళలో పడుతోందని కిటికీ తెర కూడా దించేశాడు.

అమ్మ అంతా విన్నది. మంచుకొండల్ని వదిలేసి ఇటు తిరిగింది.

"ఆ బురదేనయ్యా నేను చూద్దామనుకున్నది" అంది.

ఆయన అప్పటికే చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకున్నాడు.