ఎవరి క్లిప్పూ లేని పని

ఆ లాండ్రీలో పెద్దకోడలికి పది చేతులనేవారు. అందులో అబద్ధమేమీ లేదు. చంకలో మూట, పళ్ళ మధ్య సూది, కాలితో పీట జరుపుకుంటూ, చూపు మాత్రం గోడవతల ఎక్కడో పెట్టి, "మావయ్యా, దుప్పటి అంచు మాడుతోంది చూడండి" అని కేకేసేది. చూస్తే నిజంగానే మాడుతూ ఉండేది. ఆ కేకలకి గోడలకున్న సున్నం రాలిందని మావయ్య హాస్యమాడేవాడు.

ఆ ఇంటి మగవాళ్ళిద్దరూ, అన్నా తమ్ముడూ, తెల్లారగానే బండేసుకుని పోయేవారు. లాడ్జీల దుప్పట్లు, ఆస్పత్రి దుప్పట్లు ఇచ్చిపుచ్చుకుని చీకటి పడితే గానీ ఇంటికి చేరరు. మిగిలేది ముగ్గురు. పెద్దకోడలు, చిన్నకోడలు, ఆ ఇద్దరి మామగారికి తమ్ముడైన ఈ చిన్నమావయ్య. ఆయన పెళ్ళీ పెటాకులూ లేకుండా ఇస్త్రీబల్లతోనే కాపురం చేసి ముసలివాడైపోయాడు. చెవి కాస్త మందం.

ఇల్లంతా రైలుపెట్టెల్లా ఒకదాని వెనక ఒక గది. ముందు మూటలు దించే గది, దాని వెనక తొట్లు, తొట్ల వెనక బాయిలరు, బాయిలరు దాటితే ఇస్త్రీగది. తొట్లగదికి పక్కగా పెరట్లోకి ఓ తలుపు. ఇస్త్రీగదిలోకి పోవాలన్నా, బయటికి రావాలన్నా బాయిలరుని రాసుకుంటూ పోవాల్సిందే, వేరే దారి లేదు. తొట్లలోకి వేడీ, ఇస్త్రీబల్లకి ఆవిరీ అన్నీ దాని పొట్టలోంచే రావాలి. ఏనుగంత ఇనపపీపా. దాని కింద మంట.

ఒకనాడు పెద్దకోడలు తడిమూట మోస్తూ మోస్తూ తొట్టి పక్కన కూలబడింది. పెదాలు నీలంగా అయిపోయాయి. డాక్టరు చూసి, గుండె అలిసిపోయిందనీ, పని తగ్గించి ప్రశాంతంగా ఉంచకపోతే ఈసారి పడితే లేవదనీ మొహం మీదే చెప్పేశాడు.

చిన్నకోడలు ఆ రాత్రంతా అక్క మంచం పక్కనే కూర్చుంది. ఆ ఇంట్లో కాలుపెట్టిన రోజు నుంచీ కడుపు చూసి అన్నం పెట్టినది, తప్పు చేస్తే తన మీద వేసుకున్నది ఈ అక్కే. తోడబుట్టిన అక్కయినా అంత చేయదు. ఎలాగైనా అక్కని బతికించుకోవాలి. ఏడుస్తూ కూర్చుంటే లాభం లేదనుకుని, ఒక ఉపాయం పన్నింది.

పెద్దకోడల్ని మంచం మీద కూర్చోబెట్టి, పొద్దున్న లేచింది మొదలు ఏమేం చేస్తావో ఒక్కటీ వదలకుండా చెప్పమంది. ఆవిడ చెప్పిన ఒక్కో పనికీ ఒక్కో గుడ్డపేలిక కత్తిరించింది. లాడ్జీ దుప్పట్లకి చారల పేలిక, ఆస్పత్రివాటికి తెల్లది, మంటకి నల్లది, చిరుగులు కుట్టడానికి పువ్వులది. బుట్ట నిండిపోయింది.

"ఇంకా ఉందా అక్కా?"

"ఇంకేముందే తల్లీ, పొట్ట కోసినా ఇంక రాదు."

ఆవిడేం దాచలేదు పాపం. రోజుకెన్నిసార్లు నుదుటి మీద జుట్టు వెనక్కి తోసుకుంటావని ఎవరైనా అడిగితే మనం చెప్పగలమా? చేతికి తెలిసినవన్నీ నోటికి తెలియవు.

తొట్లగదిలో తీగ కట్టి పేలికలన్నీ దాని మీద వేలాడదీసింది చిన్నకోడలు. బట్టల క్లిప్పులకి రంగు వేసింది. ఎర్రవి అక్కవి, పచ్చవి తనవి, పసుప్పచ్చవి మావయ్యవి. ఏ పని ఎవరిదో ఆ పేలికకి వాళ్ళ క్లిప్పు. పనయ్యాక పేలిక బుట్టలో పడేయాలి. ఒకరి క్లిప్పున్న పని జోలికి ఇంకొకరు పోకూడదు, చూడకూడదు, సలహా చెప్పకూడదు. అక్కకి కూర్చుని చేసుకునే కుట్టుపని తప్ప మరేం ఉంచలేదు.

చెప్పొద్దూ, మంత్రం వేసినట్టే కుదిరింది. కేకలు పోయాయి, పరుగులు పోయాయి. ఎవరి పని వాళ్ళది, అయ్యాక కాళ్ళు చాపుకోవడమే. చిన్నకోడలికి తెలివి మీద తెలివి పుట్టుకొచ్చింది. మంట దగ్గరికి మాటిమాటికీ పోవడమెందుకని, పొద్దున్నే దాని కడుపునిండా కట్టెలు దట్టించేసి సాయంత్రం దాకా అటు తిరిగి చూడనవసరం లేకుండా చేసుకుంది. పెద్దకోడలి మొహంలో రక్తం కనిపించసాగింది. మధ్యాహ్నం కునుకు తీయడం కూడా నేర్చుకుంది.

అయితే ఆ నిశ్శబ్దమే మొదట్లో తీయగా ఉండి, పోనుపోను ఒక రకంగా అయిపోయింది. ఏదో లేదనిపించేది. ఇంట్లో చంటిపిల్ల ఉండి ఉండి ఏడుపు ఆపేస్తే తల్లికి మెలకువొచ్చినట్టు, పెద్దకోడలికి కునుకులో ఉలిక్కిపాటు వచ్చేది. లేచి చుట్టూ చూసేది. అంతా సవ్యంగానే ఉండేది. తొట్లగది గోడ మునుపటికన్నా వేడిగా ఉన్నట్టు చిన్నకోడలికి ఒకటి రెండుసార్లు తోచింది గానీ, ఎండలు ముదిరాయనుకుంది. బాయిలరు లోపల ఏదో గొంతు నొక్కుకుని మూలుగుతున్నట్టు, దాన్ని రాసుకుంటూ పోయేటప్పుడు ఒంటికి అదురు తగిలినట్టు మావయ్యకీ అనిపించిందట. తన క్లిప్పు కాదు కదా అని నోరు మెదపలేదు.

ఆరోజు మధ్యాహ్నం ముగ్గురూ కూర్చుని అన్నాలు తిన్నారు. మావయ్య చెయ్యి కడుక్కుని, ఇంకా పెద్ద కుప్ప మిగిలుందని లేచి, పోతూ పోతూ నవ్వాడు.

"చిన్నకోడలా, నీ చట్టానికి మనుషులే కాదు, ఆ బాయిలరనే ఇనపపాము కూడా లొంగింది. మునుపు నేను వెనక గదిలో ఉంటే మాటిమాటికీ బుస్సుమని నా ప్రాణాలు తోడేసేది. ఇప్పుడు కిక్కురుమనదు."

అని వెనక్కి వెళ్ళిపోయాడు. చిన్నకోడలు మురిసిపోయి అక్కవైపు తిరిగింది. అక్క నోటిదాకా తెచ్చిన ముద్ద అక్కడే ఆగిపోయి ఉంది.

"అది బుస్సుమని ఎన్నాళ్ళయింది?" అంది పెద్దకోడలు.



ఆవిడ తన కుడిచేతిని ఎవరిదో అన్నట్టు చూసుకుంది. అప్పుడు గుర్తొచ్చింది. బాయిలరు నెత్తిమీద ఒక ఇనప మూత, దానికో గొలుసు ఉన్నాయి. లోపల ఆవిరి మితిమీరితే ఆ మూత తనంతట తానే లేచి వదిలేయాలి. కానీ ఆ నీళ్ళ గారకి మూత ఊరికే పట్టేస్తుంది. అటు పోయినప్పుడల్లా, ఇటు వచ్చినప్పుడల్లా, చంకలో మూటతోనే ఆవిడ ఆ గొలుసుని ఒక్క లాగు లాగేది. బుస్సుమనేది. అత్తగారు అలా లాగుతుంటే చూసి చెయ్యి నేర్చుకున్న పని అది. పనని కూడా ఎప్పుడూ అనుకోలేదు. అందుకే దానికి పేలిక లేదు. పేలిక లేదు కనుక క్లిప్పూ లేదు.

ఇద్దరూ బాయిలరు గది గుమ్మం దాకా వెళ్ళారు. లోపలి గాలి మొహాన కొట్టింది. చిన్నకోడలు ఒక్క అడుగు వేసి గొలుసు అందుకుని లాగింది. రాలేదు. రెండు చేతులా వేలాడింది. గోడకి కొట్టిన మేకులా ఉంది. పీపా అతుకుల దగ్గర సన్నగా, పళ్ళు కొరుకుతున్నట్టు చప్పుడు. పొద్దున తను దట్టించిన కట్టెలు కింద ఎర్రగా, నిబ్బరంగా మండుతున్నాయి.

"కొట్టనా అక్కా, సుత్తితో?"

"ముట్టుకోకు. నీళ్ళు కూడా చల్లకు. ముందు మావయ్యని తీసుకురా."

నువ్వు పెరట్లోకి పో అక్కా, పరుగెత్తకు, నీ గుండెకి పడదు, నేనొచ్చేదాకా అక్కడే కూర్చో అని చిన్నకోడలు ఒట్టు పెట్టించుకుంది. ఆవిడ తలూపింది. చిన్నకోడలు ఇనుముని ఒరుసుకుంటూ లోపలికి దూరింది.

మావయ్య ఆవిరి మబ్బులో తాపీగా దుప్పటి మడత పెడుతున్నాడు. బయటికి రమ్మంటే వినపడలేదు. చెవి దగ్గర అరిస్తే, వస్తున్నాలే, ఈ కుప్ప నా క్లిప్పుదే కదా, అవగొట్టి వస్తానన్నాడు. చిన్నకోడలు బల్ల మీది దుప్పటి లాగి కింద పడేసింది. ఉతికిన దుప్పటిని నేలపాలు చేసిన మనిషిని ఆయన జన్మలో చూడలేదు. తెల్లబోయి ఆమె మొహం చూశాడు. చెయ్యి పట్టుకుని వెంట నడిచాడు.

వచ్చేదారిలో ఆవిరి దట్టంగా కమ్మి కళ్ళు కనపడలేదు. గోడ తడుముకుంటూ బయటపడి పెరట్లోకొచ్చి చూస్తే అక్క లేదు.

చిన్నకోడలికి అర్థమైంది. ఎవరి క్లిప్పూ లేని పని ఏదైనా ఆ ఇంట్లో ఎప్పుడూ ఎవరిదో తనకి తెలీదా! వెనక్కి ఉరికింది. బాయిలరులోని ఆవిరి పోయేలా తొట్ల ఆవిరి కొళాయిలన్నీ పూర్తిగా తిప్పేసి ఉన్నాయి, గది తెల్లగా నిండిపోయింది. ఆ తెలుపులో, బాయిలరు నోటి ముందు, పెద్దకోడలు మోకాళ్ళ మీద కూర్చుని పొడుగాటి పారతో మండే కట్టెల్ని బయటికి లాగుతోంది. తొందరపడకుండా, ఒక్కొక్కటే.

చిన్నకోడలు ఆవిడ చంకల కింద చేతులేసి లాక్కొచ్చింది. మావయ్య ఇంకో వైపు పట్టాడు. పెరటిగోడ అవతలికి చేరేసరికి పెద్దకోడలి పెదాలు మళ్ళీ నీలంగా ఉన్నాయి. ఊపిరి పైపైన ఆడుతోంది. గోడకి ఆనుకుని కూర్చుని అక్క తల ఒళ్ళో పెట్టుకుంది చిన్నకోడలు.

"మంట తీసేశావుగా. తగ్గుతుంది కదక్కా?"

పెద్దకోడలు లాండ్రీ వైపే చూస్తోంది. అటునుంచి మూలుగు ఇంకా ఆగలేదు.

"తెలీదే," అంది. "ఎప్పుడూ ఇంతదాకా రానివ్వలేదుగా."